వేల్స్ పలకరాయి కొండల్లో వాలు పట్టాల వెంట

వాయవ్య వేల్స్‌లో పలకరాయిని కొండ మీది నుంచి కిందికి ఎలా దించేవారో తెలుసుకోవాలనుకునే వారు లాన్‌బెరిస్ అనే ఊరితో ప్రారంభించడం మంచిదని నా అభిప్రాయం. బాంగర్ వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో చేరుకోవచ్చు. ఊరిలో అల్పాహారంతో కూడిన చిన్న బసలు చాలానే ఉన్నాయి. మేము దిగిన చోట గది శుభ్రంగా ఉంది, శాకాహారం అడిగితే విసుక్కోకుండా వండిపెట్టారు. అయితే భోజనశాలలు రాత్రి తొందరగా మూసేస్తారు కనుక కొండ దిగడం ఆలస్యం చేయకూడదు.

సరస్సు పక్కనే ఉన్న వివియన్ క్వారీ దగ్గర పునరుద్ధరించిన వాలు ట్రామ్‌వేను, అంటే కొండవాలు మీద పట్టాలపై బండ్లను తాడుతో దించే మార్గాన్ని, తీరిగ్గా చూడాలి. వాలు బాగా నిటారుగా ఉండడంతో రాయి జారిపోకుండా, పైభాగం సమతలంగా ఉండే బల్లబండి మీద వ్యాగన్లను నిలబెట్టి దించేవారు. దీనికి ఇంజను అవసరం లేదు. బావి గిలకకు రెండు వైపులా చేదలు కట్టినట్లు, నిండు బండి బరువుతో దిగుతుంటే దానికి కట్టిన తాడే ఖాళీ బండిని పైకి లాగుతుంది. పైన తాడు చుట్టుకునే డ్రమ్ము దగ్గర బ్రేకు వేసే మనిషి వేగాన్ని అదుపు చేసేవాడు.

అక్కడి నుంచి 1969లో మూతపడిన డినోర్విగ్ క్వారీ కాలిబాట ఎక్కితే, అంతస్తు అంతస్తుకూ ఒక వాలు, దాని తలకట్టున రాతితో కట్టిన డ్రమ్ము గది కనిపిస్తాయి. కొన్నిచోట్ల తుప్పుపట్టిన ఇనుపతాడు ఇంకా అలాగే పడి ఉంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన నాకు, ఇక్కడ అదే జాతి రాయిని ఇళ్ల పైకప్పులుగా పరచి, పొలాల చుట్టూ కంచెలుగా పాతడం చూసి ఎంతో సంతోషం కలిగింది. వానలో ఈ రాయి బాగా జారుతుంది కనుక పట్టున్న బూట్లు తప్పనిసరి. కింద ఉన్న జాతీయ పలకరాయి మ్యూజియాన్ని 2024 నవంబరులో పునర్నిర్మాణం కోసం మూసివేశారు. బయలుదేరే ముందు తెరిచారో లేదో కనుక్కోవాలి.

మరో పలకరాయి ఊరైన బ్లైనై ఫెస్టినియోగ్‌లో బసలు తక్కువ, ఊరు కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడి లెఖ్‌వెద్ గనిలోకి దింపే నిటారు కేబుల్ రైలు పిల్లలకు నచ్చుతుంది. కానీ అది 1979లో సందర్శకుల కోసం ప్రారంభించినది కనుక, పాత పద్ధతి చూడాలనుకునే వారికి లాన్‌బెరిసే మేలు. బ్లైనై ఊరికి వెళ్లడానికి నా దృష్టిలో బలమైన కారణం 1836లో ప్రారంభమైన ఫెస్టినియోగ్ రైలు మార్గం. వాలు ట్రామ్‌వేలు దించిన రాయి ఇక్కడ బండ్లకెక్కి, ఇంజను లేకుండా వాలు మీదనే పోర్త్‌మడాగ్ రేవుకు దొర్లుకుంటూ వెళ్లేది. ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగే గుర్రాలు కూడా ఒక బండిలో నిలబడి దిగేవి. టికెట్టు ఖరీదే అయినా, రాయి ప్రయాణించిన దిశలోనే సాగేలా, బ్లైనై నుంచి రేవు వైపు వచ్చే రైలులో ముందుగానే చోటు ఖాయం చేసుకోమని చెబుతాను.