కళ్లకు విరామం గుర్తుచేయడానికి లినక్స్‌లో ఏది మేలు: సేఫ్ ఐస్, వర్క్‌రేవ్, సొంత టైమర్?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల్లో ఆన్‌లైన్ సెంటరో డీటీపీ షాపో నడిపేవాళ్లకు పని ఒక్క భాషలో సాగదు. పొద్దున ఒడియా దరఖాస్తు, మధ్యాహ్నం పాతపట్నం నుంచి వచ్చినాయన తెలుగు శుభలేఖ, మధ్యలో ఇంగ్లీషు అఫిడవిట్. ఒత్తులూ గుణింతాలూ సరిచూడాలంటే కళ్లార్పకుండా తెరకు అతుక్కుపోవాల్సిందే. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం ఎలాగూ తగ్గుతుంది. సాయంత్రానికి కళ్లు మండటానికి అదొక పెద్ద కారణం.

కంటి డాక్టర్లు చెప్పే 20-20-20 పద్ధతి చాలామంది వినే ఉంటారు. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు. రోడ్డు పక్క షాపులకు ఈ దూరం ఉచితం, ఎదురు వరస బోర్డు చదివితే చాలు. చిక్కల్లా గుర్తుండకపోవడమే. గుర్తుచేసే పని కంప్యూటర్‌కే అప్పగించాలి.

ఇక్కడి షాపుల్లో పాత మిషన్లకు కొత్త విండోస్ మోయలేక లినక్స్ మింట్ వేసుకున్నవాళ్లున్నారు. వాళ్లకు తట్టే మొదటి ఆలోచన సొంత టైమర్. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక లైను రాసి, 20 నిమిషాలకోసారి నోటిఫై-సెండ్ అనే కమాండ్‌తో చిన్న మెసేజ్ చూపించడం. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ర్యామ్ తినదు. కానీ క్రాన్‌కు మన డెస్క్‌టాప్ సంగతి తెలియదు. డిస్‌ప్లే ఏదో, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ చిరునామా ఏదో మనమే చెప్పాలి, లేకపోతే మెసేజ్ ఎక్కడా కనిపించదు. క్రాన్ బదులు లినక్స్‌లోనే ఉండే సిస్టమ్‌డీ యూజర్ టైమర్ వాడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. అయినా అసలు లోపం పోదు. మీరు టీ తాగి ఇప్పుడే వచ్చి కూర్చున్నారో, గంట నుంచి కదల్లేదో ఆ టైమర్‌కు తేడా లేదు. పైగా మూలన వచ్చిన చిన్న మెసేజ్‌ను మొదటి రోజు చదువుతాం, రెండో రోజు నుంచి పక్కకు తోసేస్తాం. ఇది నేర్చుకోవడానికి సరదా, వాడటానికి కాదు.

అసలు పోటీ సేఫ్ ఐస్‌కూ వర్క్‌రేవ్‌కూ మధ్యనే. రెండూ ఉచితం, మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరుకుతాయి.

సేఫ్ ఐస్ కళ్ల కోసం పుట్టింది. వేసిన వెంటనే ఉండే లెక్క ప్రకారం 15 నిమిషాలకోసారి 15 సెకన్ల చిన్న విరామం, 75 నిమిషాలకోసారి నిమిషం పెద్ద విరామం. ముందుగా ఒక హెచ్చరిక వస్తుంది, తర్వాత తెర మొత్తం కప్పేసి ఏం చేయాలో రాసి చూపిస్తుంది. కౌంటర్ దగ్గర ఇదే గొడవ. "ఏటి బాబూ, కరెంటు పోనాదేటి?" అని అవతల నిలబడ్డ పెద్దాయన కంగారుపడతాడు. అందుకని విరామాన్ని దాటవేయనివ్వని స్ట్రిక్ట్ బ్రేక్ జోలికి పోకుండా, వాయిదా వేసే బటన్ కనిపించేలా పెట్టుకోవాలి. ఫుల్‌స్క్రీన్‌లో ఏదైనా నడుస్తుంటే అడ్డు రాకుండా డు నాట్ డిస్టర్బ్ ప్లగిన్ ఉంది. స్మార్ట్ పాజ్ ప్లగిన్ ఇంకా ముఖ్యం, కీబోర్డు ముట్టకుండా కాసేపు ఉంటే లెక్క ఆపేస్తుంది. కస్టమర్‌తో మాట్లాడుతూ పది నిమిషాలు గడిపినవాడికి వెంటనే విరామం చెప్పడం అన్యాయం కదా!

నాకు దీనిలో నచ్చేది మరొకటి: విరామంలో కనిపించే మాటలు మనమే రాసుకోవచ్చు. తెలుగులో "బజారు అవతలి బోర్డు చూడు" అని పెట్టుకోవచ్చు, పక్క సీటు అబ్బాయికి ఒడియాలో పెట్టుకోవచ్చు. అక్షరాల బదులు డబ్బాలు వస్తే ఆ భాష ఫాంట్ లేనట్టే, అది వేసుకుంటే సరిపోతుంది.

వర్క్‌రేవ్ ఉద్దేశం వేరు. అది చేతుల నొప్పి గురించి ఆలోచిస్తుంది. కీబోర్డు, మౌస్ ఎంతసేపు వాడారో కొలిచి, మామూలు అమరికలో 3 నిమిషాల పనికి 30 సెకన్ల సూక్ష్మ విరామం, 45 నిమిషాలకు 10 నిమిషాల విశ్రాంతి, రోజుకు 4 గంటల హద్దు చెబుతుంది. మీరే మధ్యలో ఆగితే అది విరామం కింద జమ కడుతుంది. పెద్ద విరామంలో బొమ్మలతో వ్యాయామాలు చూపిస్తుంది. రోజంతా టైపు కొట్టి మణికట్టు పట్టేసినవాళ్లకు ఇంతకన్నా శ్రద్ధగా చూసుకునేది లేదు. కానీ 3 నిమిషాల లెక్క మార్చకపోతే వారం తిరక్కుండానే తీసిపారేస్తారు. చిన్న విరామాన్ని 15 లేదా 20 నిమిషాలకు పెంచండి, రోజు హద్దు ఆపేయండి. షాపువాడికి 4 గంటల హద్దంటే నవ్వొస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి స్ట్రెచ్లీ, చూడటానికి అందంగా ఉంటుంది. ర్యామ్ ఎక్కువ తినే ఎలక్ట్రాన్ అనే చట్రం మీద నడుస్తుంది కాబట్టి 4 జీబీ ర్యామ్ మిషన్‌లో, అప్పటికే బ్రౌజర్‌లో పది పోర్టళ్లు తెరిచి ఉన్నచోట దీన్ని పెట్టమని నేను చెప్పను. కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఆర్‌ఎస్‌ఐబ్రేక్ అనే ఇలాంటి ప్రోగ్రామ్ ఉంది.

కొత్త ల్యాప్‌టాప్ ఉంటే లెక్క మారుతుంది. గ్నోమ్ కూడా లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటి; 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48 సెట్టింగ్స్‌లోనే వెల్‌బీయింగ్ అనే విభాగం ఉంది. కళ్లకు 20 నిమిషాలకోసారి 20 సెకన్లు, కాస్త లేచి నడవమని వేరే రిమైండర్, రెండూ స్విచ్ నొక్కితే మొదలవుతాయి. లినక్స్ రకాలైన ఉబుంటు 25.04, డెబియన్ 13లో ఇది ఉంది. ఉబుంటు 24.04లో లేదు, అది గ్నోమ్ 46. గ్నోమ్ ఇప్పుడు తెరను నడిపే వేలాండ్ అనే కొత్త పద్ధతి మీద నడుస్తుంది, అక్కడ ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌లోని కీబోర్డు నొక్కులను చూడలేదు. భద్రతకు అది మంచిదే గానీ, నొక్కులు లెక్కపెట్టి బతికే వర్క్‌రేవ్‌కు ఇబ్బంది. మింట్ వాళ్ల సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఇంకా పాత పద్ధతి ఎక్స్11 మీదే ఉంది కనుక పాత మిషన్లకు ఆ బెంగ లేదు.

కాబట్టి గ్నోమ్ 48 ఉన్నవాళ్లు ఇంకేమీ వెతకనక్కర్లేదు. మింట్ షాపుల్లో కౌంటర్ మిషన్‌కు సేఫ్ ఐస్, 20 నిమిషాలకు 20 సెకన్లు, స్మార్ట్ పాజ్‌తో. లోపల గదిలో రోజంతా టైపు చేసే మనిషికి, ముఖ్యంగా చేతులు లాగుతున్నాయనే మనిషికి వర్క్‌రేవ్. రెండూ ఒకే మిషన్‌లో వేయకండి, ఒకటి ఆగమంటే ఇంకొకటి ఐదు నిమిషాలకే మళ్లీ ఆగమంటుంది. ఏది వేసినా స్టార్టప్ అప్లికేషన్స్‌లో దాని పేరు ఉందో లేదో చూసుకోండి, కరెంటు పోయి వచ్చిన తర్వాత తనంతట తాను లేచేలా.