జాగ్రత్త: ‘పది ఎత్తుల్లో గెలిపించే రహస్య ఓపెనింగ్స్’ కొనబోయేవారు ఇది చదవండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు చదరంగం ఆడే పిల్లలున్న తెలుగు ఇళ్లవారికి ఈ హెచ్చరిక. ఎవరూ ఆడని అరుదైన ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలు) తెలుగులో నేర్పుతామంటూ ఫోనుల్లో తిరుగుతున్న ప్రకటన చూసి 3,499 రూపాయలు కట్టాను. ఒక పుస్తకం, ఏడాదిపాటు వీడియో పాఠాలు అన్నారు. డబ్బు పోతే పోయింది. మావాడు ఆ ఓపెనింగ్స్ నమ్ముకుని పోటీలో ఓడి, రెండు వారాలు చదరంగం బల్ల ముట్టుకోలేదు. నా కోపమంతా అందుకే.

నేను పడిపోయింది ‘తెలుగులో’ అన్న ఒక్క మాటకు. మావాడికి పదకొండేళ్లు, రాయగడలో ఒడియా బడిలో చదువుతున్నాడు. తెలుగు అక్షరాలు నేర్పింది వాళ్ల నానమ్మ. మాకు తెలుగు పుస్తకం కావాలంటే పార్వతీపురమో విజయనగరమో వెళ్లేవాళ్లకు చెప్పి తెప్పించుకోవాలి. అలాంటిది చదరంగం పుస్తకం తెలుగులో ఇంటికే వస్తుందంటే ఇంకేమీ అడగలేదు. నమూనా పేజీ ఒక్కటి అడిగినా బయటపడేవాణ్ని.

పుస్తకం తెరిస్తే మొదటి పాఠం పేరు ‘ప్రారంభోత్సవం’. ఓపెనింగ్ అన్న మాటను కంప్యూటర్ అలా అనువదించి పెట్టింది. రాజుకు చెక్ చెప్పిన ప్రతిచోటా ‘తనిఖీ చేయండి’ అని ఉంది. ఇంగ్లిషులో బిషప్ అనే శకటు ఒక పేజీలో ఒంటె, ఇంకో పేజీలో మతగురువు. రూక్ అనే ఏనుగు కాకి అయిపోయింది. ‘మతగురువు కాకిని తీసుకుంటాడు, తనిఖీ చేయండి’ అన్న వాక్యం చదివి మా అమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

భాషతో ఎలాగో సర్దుకున్నాం. అసలు మోసం ఎత్తుల్లో ఉంది. మావాడు మనసుపడి నేర్చుకున్నది ఎంగ్లుండ్ గాంబిట్ అనే ఓపెనింగ్. (డి4 అంటే డి నిలువు వరుసలో నాలుగో గడి, మిగతావీ అలాగే.) తెల్లవాళ్లు మంత్రి ముందున్న బంటును డి4కు జరపగానే నల్లవాళ్లు ఇ5లో బంటును ఎర వేస్తారు. తెల్లబంటు దాన్ని తింటుంది. నల్లగుర్రం సి6కు, తెల్లగుర్రం ఎఫ్3కి వస్తాయి. నల్లమంత్రి ఇ7కు రాగానే తెల్లశకటు ఎఫ్4కు వచ్చి బంటును కాస్తుంది. అప్పుడు నల్లమంత్రి బి4 నుంచి చెక్ చెబుతుంది, తెల్లశకటు డి2కు వెనక్కి వచ్చి అడ్డుపడుతుంది, మంత్రి బి2 బంటును తినేస్తుంది. ఇక్కడ తెల్లవాళ్లు మంత్రిని తరమాలని శకటును సి3కి జరిపితే వాళ్ల పని అయిపోయినట్లే. నల్లశకటు బి4కు వస్తుంది, ఆ తరువాత ఏనుగైనా పోతుంది, సి1లో చెక్‌మేట్ అయినా అవుతుంది. చూడముచ్చటైన ఉచ్చు, కాదనను. పుస్తకంలో దీనికి ఆరు పేజీలు, వీడియోలో అరగంట.

అయితే శకటుకు బదులు గుర్రాన్ని సి3కి తెస్తే? ఉచ్చు తెగిపోయింది. తెల్లసేన బయటికి వచ్చేసి ఉంటుంది, నల్లమంత్రి శత్రువుల మధ్య ఒంటరిగా దారి వెతుక్కుంటూ ఉంటుంది. ఈ ఒక్క ఎత్తు గురించి ఆరు పేజీల్లో అరవాక్యం లేదు. పోటీలో మావాడికి ఎదురైన అమ్మాయికి తొమ్మిదేళ్లుంటాయేమో. క్షణం ఆలోచించకుండా గుర్రాన్ని సి3లో పెట్టి నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ కూర్చుంది. మావాడు తలెత్తి, దూరంగా నిలబడ్డ నా వైపు చూశాడు. ఆ చూపు గుర్తొస్తే ఆ అమ్మినవాణ్ని ఏమనాలో తోచదు.

తరువాత కూర్చుని మిగతా పాఠాలు ఒక్కొక్కటిగా స్టాక్‌ఫిష్ అనే చదరంగం కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో సరిచూశాను. ‘ప్రపంచానికి తెలియని రహస్యం’ అన్న పేరుతో ఇచ్చినది డమియానో డిఫెన్స్. ఇ5లోని బంటుకు కాపుగా ఎఫ్6కు బంటును జరపడం. పోర్చుగల్‌కు చెందిన డమియానో 1512లో అచ్చువేసిన పుస్తకంలోనే ఇది చెడ్డ ఎత్తని రాశాడు. తెల్లగుర్రం ఆ ఇ5 బంటును తినేస్తుంది. దాన్ని బంటుతో కొడితే తెల్లమంత్రి హెచ్5కు వచ్చి చెక్ చెబుతుంది, ఇక నల్లవాళ్లకు ఊపిరాడదు. అయిదువందల ఏళ్లుగా లోకానికి తెలిసిన రహస్యం!

అట్టమీద ఒరాంగుటాన్ బొమ్మ ఉంటుంది. మొదటి ఎత్తుకే బంటును బి4కు జరిపే ఓపెనింగ్‌కు ఆ పేరు ఉన్నమాట నిజమే. 1924లో న్యూయార్క్ టోర్నమెంట్‌లో టార్టకోవర్ అనే ఆటగాడు అక్కడి జంతుప్రదర్శనశాలలో సూసన్ అనే ఒరాంగుటాన్‌ను చూసి వచ్చి, మరోత్సీ అనే ఆటగాడి మీద ఆ ఎత్తు ఆడాడు. ‘ఆ దెబ్బకు మరోత్సీ చిత్తయ్యాడు’ అని పుస్తకం రాసింది. ఆ ఆట గెలిచింది మరోత్సీ.

ఒక్కచోట మాత్రం నిజం చెప్పారు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో టోనీ మైల్స్, కార్పోవ్ ఇ4కు జవాబుగా మూలనున్న బంటును ఎ6కు జరిపి, అప్పటి ప్రపంచ విజేతనే ఓడించాడు. కానీ మైల్స్ గ్రాండ్‌మాస్టర్. ఆ విచిత్రమైన ఎత్తు తరువాత ఆడవలసిన ఎత్తులన్నీ ఆయన సొంత బలంతో ఆడాడు. ఆ మాట దాచి, ఎ6 ఆడితే చాలన్నట్లు పిల్లలకు చెప్పడం ఏం న్యాయం? అరుదైన ఓపెనింగ్స్ మీద నాకు పగ లేదు. సరదాగా ఆడుకోవడానికి మావాడు ఇప్పటికీ బి4 ఆడతాడు.

డబ్బు వాపసు అడిగితే అసలు రంగు బయటపడింది. ‘ఏడు రోజుల్లో వాపసు’ అన్నది పుస్తకం చేరిన రోజు నుంచి కాదట, డబ్బు కట్టిన రోజు నుంచట. రాయగడకు పార్శిల్ రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. గుర్రం సి3 సంగతి అడిగితే, ‘ఆ వయసు పిల్లలు ఆ ఎత్తు ఆడరు సార్’ అన్నాడు ఫోనులో. తొమ్మిదేళ్ల పిల్ల ఆడిందయ్యా అంటే ఫోను పెట్టేశాడు.

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దాని తరువాత సగం డబ్బుకు కూపన్ ఇస్తామన్నారు, వాళ్ల దగ్గరే మరో పుస్తకం కొనుక్కోవాలట. వద్దన్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊరివాడైనా మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అయిదు లక్షలలోపు విలువకు రుసుము లేదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మీరు కూడా మోసపోయి ఉంటే ప్రకటన, రసీదు, మాట్లాడిన సందేశాలు ఏవీ చెరిపేయకండి.

ఏ ఓపెనింగ్ పాఠం కొనేముందైనా అమ్మేవాణ్ని ఒక్కటే అడగండి: ఎదుటివాడు అన్నింటికన్నా మంచి ఎత్తు వేస్తే ఏమవుతుందో రాసిన పేజీ ఫొటో పంపమనండి. నీళ్లు నమిలితే వదిలేయండి. ఈలోగా పిల్లలకు లీచెస్ (Lichess) అనే చదరంగం వెబ్‌సైటు చూపించండి. పైసా కట్టనక్కరలేదు, ప్రకటనలు కూడా ఉండవు. ఏ ఎత్తును ఎంతమంది ఆడారో, ఎవరు గెలిచారో అక్కడే కనిపిస్తుంది.

అదే పుస్తకం ఇప్పుడు పేరు మార్చుకుని 1,999 రూపాయలకు బరంపురం తల్లిదండ్రుల ఫోనుల్లోకి వస్తోందని మా మరదలు నిన్న చెప్పింది. అట్టమీద ఒరాంగుటాన్ మాత్రం అదే, కళ్లజోడు పెట్టుకుని ఉంటుంది.