పోలార్ బూట్లు: తేలే మంచు మీద నాలుగు సీజన్లు, చెన్నై అలమారాలో ఆరేళ్ళు

కింద రబ్బరు, పైన నైలాను, లోపల ఊడదీసే ఫెల్ట్ లైనర్, అంటే ఒత్తిన ఊలు గుడ్డతో చేసిన తొడుగు. జత బరువు మూడు కిలోలకు కాస్త తక్కువ. పెట్టె మీద మైనస్ 60 డిగ్రీలని అచ్చేశారు. నడుస్తున్నంతసేపూ ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. ఆర్కిటిక్ సముద్రం మీద మంచు పలకతో పాటే కొట్టుకుపోయే క్యాంపులో మాత్రం పనంతా నిలబడే ఉంటుంది. రెండు మీటర్ల మంచుకు కన్నం వేసి, పరికరాన్ని నీళ్ళలోకి వదిలి, కేబుల్ పట్టుకుని గంటా రెండు గంటలు కదలకుండా ఉండాలి. మైనస్ 30లో నలభై నిమిషాలకే బొటనవేలు మొద్దుబారుతుంది. ఒంటి బరువుకి మడమ కింద ఫెల్ట్ అణిగిపోయి, అందులో వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలి పోతుంది మరి. కాళ్ళ కింద ఫోమ్ చాప ముక్కో ప్లైవుడ్ చెక్కో వేసుకుంటే సగం బాధ తీరుతుంది.

మిగతా సగం చెమటది. స్లెడ్జి లాగినా, పార పట్టినా పాదం చెమటోడుస్తుంది. ఆ ఆవిరి ఫెల్ట్ దాటి రబ్బరు లోపలి గోడకు తగిలి అక్కడే గడ్డకడుతుంది. సాయంత్రం లైనర్ బయటికి లాగితే దాని వీపున పంచదార అద్దినట్టు తెల్లటి పొడి. దాన్ని గుడారం బయటే బ్రష్షుతో దులపాలి. లోపలికి తెచ్చాక దులుపుదామంటే అప్పటికే నీళ్ళైపోతుంది. తర్వాత పైకప్పు కింద తాడుకి, మూతి కిందికి ఉండేలా వేలాడదీయాలి. స్టవ్ దగ్గర పెడితే ఫెల్ట్ కుంచించుకుపోతుంది. పైగా గుడారంలో నిప్పంటుకుందంటే చలి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఒక్క రాత్రికి పూర్తిగా ఆరదు కాబట్టి రెండో జత లైనర్లు తప్పనిసరి. పల్చటి సాక్స్ మీద మామూలు ప్లాస్టిక్ కవరు, దాని మీద ఊలు సాక్స్ వేస్తే చెమట ఫెల్ట్ దాకా పోదు. సాయంత్రానికి పాదం నానిన అప్పడంలా తయారవుతుంది, అది భరించాల్సిందే. సైజు ఒకటి పెద్దది తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, ఎన్ని సాక్సులు తొడిగినా దండగ.

కురిసిన మంచు బరువెక్కితే కింది పలక సముద్రమట్టం కిందికి కుంగి, పగుళ్ళలోంచి ఉప్పునీరు పైకి ఊరుతుంది. పైకి తెల్లగా, పొడిగానే కనబడుతుంది. అడుగేస్తే చీలమండ దాకా రొచ్చు. పైనున్న మంచు దుప్పటిలా కప్పేయడంతో ఆ రొచ్చు తొందరగా గట్టిపడదు. ఈ బూటుకి రబ్బరు ఇరవై సెంటీమీటర్ల ఎత్తుంది, సరిపోయింది. జిప్ ఉన్న మోడల్ జోలికి పోవద్దు, ఉప్పు తినేస్తుంది.

సోవియట్ వాళ్ళ 'ఉత్తర ధ్రువం-1' క్యాంపులో నలుగురు 1937 మే నుంచి 274 రోజులు తేలారు. 1938 ఫిబ్రవరి మొదట్లో తుఫానుకి వాళ్ళ పలక ముక్కలైంది. ఆ ప్రమాదం ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి చీకట్లో, చేతికి మిటెన్‌తో (వేళ్ళు విడిగా లేని చలి తొడుగు) ఎంతసేపట్లో తొడగొచ్చన్నది కొనేముందే చూడాలి. దీనికి రెండు వెల్క్రో పట్టీలు, ఒక తాడు. పది సెకన్ల పని. వెల్క్రోలో మంచు ఇరుక్కుంటే పట్టదు, దువ్వెన పళ్ళతో గీకాలి. బూట్లు రాత్రి గుడారం బయట వదిలితే పొద్దున కర్రల్లా బిగుసుకుంటాయి. అరుగులా గట్టిపడిన నీలిమంచు మీద సోల్ జారుతుంది, స్పైకులు విడిగా కొనుక్కోవాలి. ఇక నీళ్ళలో పడితే ఈ బూట్లు ఏమీ కాపాడవు. దానికి తేలే సూటు, పైకి పాకడానికి మంచులో గుచ్చే మేకులు మెడలో ఉండాలి.

ఇంతా చేసి మా మొదటి జతని పాడుచేసింది ఆర్కిటిక్ కాదు, చెన్నైలో పళ్ళికరణై చిత్తడి నేల పక్కనున్న ఇల్లు. సోల్‌లో రబ్బరుకీ ఫెల్ట్‌కీ మధ్య పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి, తేమ కలిస్తే నీటి అణువులు దాని బంధాలను తెంచేసి, పొరని పొడిపొడి చేస్తాయి. వాడకుండా దాచినా అంతే, నిజానికి వాడకపోతేనే కనిపెట్టడం కష్టం. బూట్లు పూర్తిగా ఆరబెట్టి, లైనర్లు విడదీసి, ఏసీ గదిలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. తడి మిగిలిన బూట్లను ప్లాస్టిక్ కవర్లో మూటగడితే డిసెంబరు వానలకి బూజు ఖాయం. బయల్దేరే ముందు సోల్ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి, బూటుని రెండుగా వంచి చూడండి. మరమరాల ఉండలా పొడి రాలితే ఆ జతని ఇక్కడే వదిలెయ్యండి. క్యాంపులో చెప్పులు కుట్టేవాడు దొరకడు.