ఆవు ప్యాంక్రియాస్ ట్రిప్సిన్: సరుకు మంచిదే, బాటిల్ తెరిచే ముందు ఒక్కసారి చదవండి

ఉలవల్లో ఉండే ట్రిప్సిన్ ఇన్హిబిటర్ (ప్రొటీన్లని కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం) మీద పని చేస్తున్నానండి, దానికోసం ఆవు ప్యాంక్రియాస్ నుంచి తీసిన ట్రిప్సిన్ 1 గ్రాము బాటిల్ వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఒక డీలర్ ద్వారా తెప్పించుకున్నాం. మే నెల ఎండల్లో వచ్చింది, డబ్బా విప్పితే ఐస్ ప్యాక్ గోరువెచ్చగా తగిలింది, ఫోన్ చేస్తే "ఏం కాదు మేడం, పౌడరే కదా" అన్నాడు. మనకేమో గ్రాంట్ డబ్బులు, గుండె ఆగినంత పనైంది.

అదే రోజు సాయంత్రం బాప్నాతో చెక్ చేశాను, ట్రిప్సిన్ కోస్తే పసుపు రంగు వచ్చే కెమికల్ అది. ట్రిస్ బఫర్ పీహెచ్ 8.2, కొంచెం కాల్షియం క్లోరైడ్, 37 డిగ్రీల వాటర్ బాత్‌లో 10 నిమిషాలు. ట్యూబ్ పసుపు నీళ్ళలా చక్కగా రంగు తిరిగింది, ఎంజైమ్ వెయ్యని బ్లాంక్ మాత్రం తేటగా అలాగే ఉంది. ఉలవల రసం కలిపిన ట్యూబ్‌లో పసుపు బాగా తగ్గిపోయింది, 410 నానోమీటర్ల దగ్గర రీడింగ్ కూడా అదే చెప్పింది, అప్పుడు కానీ ఊపిరి తీసుకోలేదు. అంటే పౌడర్ ఎండకి తట్టుకుంది.

తట్టుకోనిది మన వైజాగ్ తేమకి. ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే మూత తిప్పేశాను, సముద్రపు గాలి కదా, చల్లటి గాజు మీద చెమ్మ పట్టేసి మూడోసారికే పౌడర్ ఉండలు కట్టింది. అరగంట బయట పెట్టి, బాటిల్ రూమ్ టెంపరేచర్‌కి వచ్చాకే తెరవండి, సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో ఉంచితే ఇంకా మేలు.

ఇంకోటి, స్టాక్ (ముందే కలిపి దాచుకునే ట్రిప్సిన్ ద్రావణం) నేరుగా పీహెచ్ 8 బఫర్‌లో కలిపి ఉంచొద్దు, ట్రిప్సిన్ తనని తానే కోసేసుకుంటుంది, నాకు మర్నాటికే రీడింగ్ పడిపోయింది. 1 మిల్లీమోలార్ హెచ్‌సీఎల్‌లో కలిపి చిన్న చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 20లో పెట్టాక ఆ బాధ లేదు.

రేటు చూసేటప్పుడు లేబుల్ మీద యూనిట్ ఏదో చూడండి ప్లీజ్, ఎంజైమ్ ఎంత చురుగ్గా పని చేస్తుందో చెప్పే కొలతలు యూఎస్‌పీ, బీఏఈఈ అని రెండు రకాలుగా రాస్తారు. ఒక యూఎస్‌పీ యూనిట్ అంటే 3 బీఏఈఈ యూనిట్లు, బీఏఈఈలో రాస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ ఇస్తున్నారనుకుని మోసపోతాం. మాస్ స్పెక్ (ముక్కల బరువు కొలిచి ప్రొటీన్‌ని గుర్తుపట్టే మెషీన్) కోసం ప్రొటీన్లు కట్ చేసేవాళ్ళు మాత్రం ఇది తీసుకోకండి, ఈ గ్రేడ్‌లో కాస్త కైమోట్రిప్సిన్ అనే ఇంకో ఎంజైమ్ ఉంటుంది, అది ట్రిప్సిన్ కోయని చోట్ల కోస్తుంది, దాన్ని ఆపేసే టీపీసీకే అనే కెమికల్‌తో ట్రీట్ చేసినదే అడగండి. ఇన్హిబిటర్ పనికీ, ఎంఎస్సీ పిల్లల ప్రాక్టికల్స్‌కీ ఇది చాలు, నేను మళ్ళీ ఇదే ఆర్డర్ పెట్టాను, ఈసారి డిసెంబర్‌లో పంపమన్నాను.