బొలేరో నియోకి ట్రాలీ హుక్: మూడేళ్ళు వాడాక

మాది నరసన్నపేటలో వంట సామాను అద్దెకిచ్చే షాపు. గుండిగలు, బాండీలు, గ్యాసు పొయ్యిలు, కుర్చీలు. పెళ్ళిళ్ళ రోజుల్లో ప్రతి ట్రిప్పుకీ వ్యాను మాట్లాడితే అద్దెలో సగం దానికే పోయేది. ఇంట్లో ఉన్న మహీంద్రా బొలేరో నియో కారుకే వెనక హుక్ పెట్టించి రెండు చక్రాల ట్రాలీ కట్టాను. మూడేళ్ళయింది. ఈలోపు రెండు హుక్‌లు మారాయి. మొదటిది ఎనిమిది నెలలకే పీకేశాను.

ఆ మొదటిది ఒక వెల్డింగ్ షాపులో చేయించింది. ఖర్చు నాలుగున్నర వేలు. "ఏటవదు బావూ, ఏనుగునైనా లాగీస్తాది" అన్నాడు మేస్త్రి. ఇనుము మందం విషయంలో అతను అబద్ధం చెప్పలేదు. అతికిన చోటే తప్పు. బంపరు వెనక ఉండే అడ్డ కమ్మీకి వెల్డింగ్ చేసేశాడు. ఆ కమ్మీ చిన్నా చితకా దెబ్బలు కాయడానికే గానీ గుంతలో పడ్డ ప్రతిసారీ వెనక్కి గుంజే బరువును ఆపడానికి కాదు. ఒకరోజు బండి కడుగుతుంటే వెల్డింగ్ అంచున వెంట్రుకంత ఎర్రటి గీత కనిపించింది. మట్టి అనుకుని గోటితో గీకాను, పోలేదు. పగుల్లోకి నీళ్ళు దిగి తుప్పు కారుతోంది. ఆ ముందురోజే మడపాం దగ్గర వంశధార బ్రిడ్జి మీదుగా ఆ హుక్‌తోనే నాలుగొందల కేజీలు లాక్కొచ్చాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండోదానికి విశాఖ వెళ్ళాను. పద్నాలుగు వేలయింది. నియో పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా దాని కింద నిచ్చెన చాసిస్, అంటే నిచ్చెనలా ఉండే గట్టి ఇనప చట్రం ఉంది, అదే నా అదృష్టం. రెండు పక్కలా చాసిస్‌కి ప్లేట్లు పెట్టి, పక్కకి నాలుగేసి ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టులు, గట్టి రకం 8.8 గ్రేడువి, తేలిగ్గా వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లతో బిగించారు. చాసిస్ మీద ఒక్క చోట కూడా వెల్డింగ్ పెట్టలేదు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఒక చిన్న పని. చాసిస్ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బోల్టు బిగించేకొద్దీ రేకు లోపలికి నొక్కుకుపోతుంది, ఆ తరవాత బోల్టు వదులైపోతుంది. అలా కాకుండా ప్రతి బోల్టుకీ లోపల ఒక ఇనప గొట్టం ముక్క తొడిగారు. డ్రిల్ చేసిన బెజ్జాల అంచులకి తుప్పు పట్టకుండా జింక్ ప్రైమర్ పూశారు. చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో 80 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసుకోమన్నారు. చూస్తే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. అప్పుడు నట్టు మీంచి ప్లేటు మీదకి మా ఆవిడ గోళ్ళరంగుతో ఒక గీత గీశాను. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు కదిలినట్టే. నెలకోసారి కింద దూరి టార్చితో చూస్తాను, రెండు నిమిషాల పని.

హుక్ ఇంత గట్టిగా కుదిరాక కూడా ట్రాలీ ఊడింది. కొత్తమ్మతల్లి జాతరకి కోటబొమ్మాళి సామాను తీసుకెళ్తుంటే స్పీడు బ్రేకరు దగ్గర టక్కుమని శబ్దం, ట్రాలీ ముక్కు, అంటే ముందు కొస, హుక్ నుంచి ఊడి కిందకి జారింది. హుక్ చివరుండే గుండు, అదే బాల్, 50 మిల్లీమీటర్లు. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రాలీకి ఆ బాల్ మీద బోర్లించే కప్లరు రెండంగుళాలది, అంటే 50.8. మిల్లీమీటరు కూడా లేని ఆ తేడా చేతికి తెలీదు, కొంచెం లొడలొడ అంతే. ట్రాలీని కారుకి కలిపే గొలుసులు రెండూ కప్లరు కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేసి ఉండబట్టి ముక్కు వాటి మీద వాలింది, లేకపోతే వెనకొచ్చే ఆటో మీదకి పోయేది. కప్లరు మార్చాను. ఇప్పుడు తగిలించాక లాక్ వేసి, ట్రాలీ ముక్కు దగ్గరుండే జాకీ తిప్పి చూస్తాను. కారు వెనక భాగం కొద్దిగా పైకి లేస్తే పట్టినట్టు.

బరువు దగ్గర కూడా దెబ్బ తిన్నాను. గుండిగలన్నీ వెనక వేస్తే దించడం సులువని అలా వేసేవాణ్ణి. హైవే మీద డెబ్బై దాటగానే ట్రాలీ తోక ఊపడం మొదలెట్టింది. బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటరు వదిలేస్తే తనే సర్దుకుంది. ఇప్పుడు బరువంతా ఇరుసుకి కొంచెం ముందుకి వేస్తాను. ముక్కు మీద పడే బరువు మొత్తంలో పదో వంతుకి దగ్గరగా ఉండాలి. ఇంట్లో ఒళ్ళు బరువు చూసుకునే మిషను మీద చెక్క నిలబెట్టి, దాని మీద కప్లరు ఆనిస్తే అంకె కనిపిస్తుంది. నా 400 కేజీల లోడుకి 38 చూపిస్తోంది. ట్రాలీకి బ్రేకులు లేవు, ఆపాల్సింది కారే. అందుకని 450 దాటనివ్వను, స్పీడు అరవైకి మించను. ఇంజన్లో 260 న్యూటన్ మీటర్ల లాగే బలం (టార్క్) ఉందని ఎక్కువ వేసేవాళ్ళని చూశాను. లాగడం గురించి నాకెప్పుడూ భయం లేదు, ఆపడం గురించే.

ట్రాలీ లైట్ల వైరింగుకి కారు టెయిల్ ల్యాంపు తీగని కోసి అతికించనివ్వకండి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా లైను, రిలే బాక్సు, ఏడు పిన్నుల సాకెట్ పెట్టించాను, గొడవ లేదు. భావనపాడు వైపు తిరిగే బండి కదా, సముద్రపు ఉప్పుగాలికి పిన్నులకి ఆకుపచ్చ చిలుం పడుతుంది, అప్పుడప్పుడూ గ్రీజు పూస్తాను. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హుక్ సంగతి ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్సు వాళ్ళకీ పని మొదలెట్టకముందే చెప్పుకోవాలి, నేను తరవాత తిరిగి చెప్పులరగదీశాను.

ట్రాలీ లేనప్పుడు బాల్ విప్పి డిక్కీలో పెడతాను. బద్ధకించిన రోజు నా మోకాలి కింద ఎముకకే తగిలింది. పైగా వెనకనుంచి ఎవడైనా గుద్దితే దెబ్బ బంపరు మీద ఆగకుండా నేరుగా చాసిస్‌కి పోతుంది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ కుదర్లేదు. నియో వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, దానికి స్టెప్నీ కూడా వేలాడుతుంది. ట్రాలీ తగిలించి ఉంటే తలుపు వెళ్ళి జాకీ హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. మొదటి నెలలోనే తలుపు అంచుకి సొట్ట పడింది. హ్యాండిల్ పొట్టిది వేయించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. అప్పటిదాకా గరిటెలు, జల్లెళ్ళు వెనక సీటు మీదే ప్రయాణం చేస్తున్నాయి.