‘10 టన్నుల’ కట్టెల యంత్రం: డబ్బు కట్టే ముందు సిలిండరు కొలవండి

విశాఖలో కట్టెల పొయ్యి మీద వంటలు చేసేవాళ్లు, తక్కువ ధరకు కట్టెలు చీల్చే హైడ్రాలిక్ యంత్రం కోసం చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదు.

మల్కాపురంలో మాది పెళ్లి వంటల పని. నేను, మా ఆవిడ, మా తమ్ముడు కలిసి చేసుకుంటాం. ముహూర్తాల రోజుల్లో గొడ్డలి పట్టే మనిషి దొరకడం లేదని, దాచుకున్న 38 వేలు పెట్టి నగరంలోనే ఒక దుకాణంలో యంత్రం కొన్నాను. దాని మీద ‘10 టన్నులు’ అని పెద్ద స్టిక్కరు. వాళ్లు ఒక సరుగుడు దుంగ పెట్టి చూపించారు, క్షణంలో రెండు పేళ్లయింది. నేను పొరపడింది అక్కడే. సరుగుడు గొడ్డలికీ సులువుగానే చీలుతుంది. ఇంటికి తెచ్చి చింత మొద్దు పెడితే కణుపు దగ్గర కత్తి దిగబడి ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది, మొద్దు మాత్రం విచ్చుకోదు. చివరికి సమ్మెటతో కొట్టి కత్తిని బయటికి తీశాం. రెండో వారానికి సిలిండరు నుంచి ఆయిలు కారడం మొదలైంది.

ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దాన్ని విప్పి చూపించాడు. సిలిండరు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు. పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 160 కిలోలు. లెక్క మీరే వేసుకోవచ్చు: 5ను 5తో, వచ్చినదాన్ని 0.785తో గుణిస్తే సిలిండరు లోపలి వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 160తో గుణిస్తే సుమారు 3,140 కిలోలు. అంటే మూడు టన్నుల పైచిలుకు. అదే ఒత్తిడి మీద పది టన్నులు రావాలంటే సిలిండరు సుమారు 9 సెంటీమీటర్లు ఉండాలి. పిస్టన్ కడ్డీకి క్రోమ్ పూత కూడా లేదు. మన సముద్రపు గాలికి అది తుప్పు పట్టి గరుకెక్కి, ఆయిలు కారకుండా ఆపే సీలును కోసేసింది.

అన్నిటికంటే భయపెట్టింది మరొకటి. మంచి యంత్రాలు రెండు చేతులతో రెండు మీటలు పట్టుకుంటేనే కదులుతాయి. దీనికి ఒకటే మీట. ఒక చేత్తో దుంగను సరిచేస్తుండగా మా తమ్ముడి వేళ్లు వెంట్రుకవాసిలో తప్పాయి. ధర ఎంత తగ్గించినా ఒక్క మీట యంత్రం కొనకండి.

వెనక్కి తీసుకోమంటే, బదులుగా స్క్రూలా తిరుగుతూ కట్టెలోకి దిగి చీల్చే కోను యంత్రం ఇస్తామన్నారు. లుంగీ కొసో, భుజం మీది తువ్వాలో దానికి చుట్టుకుంటే మనిషినే లాగేస్తుంది. వద్దన్నాను. ‘వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు’ అని కూడా బెదిరించారు. అది తప్పు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి తానే వాడుకునే వస్తువు కొన్నవాడు కూడా 2019 చట్టం ప్రకారం వినియోగదారుడే. బిల్లు దాచుకున్నాను కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

కొనేవాళ్లు మీ దగ్గరున్న కట్టెల్లో అన్నిటికంటే మొండి మొద్దును ఆటోలో వేసుకుని దుకాణానికి వెళ్లండి. అది చీలాకే డబ్బు తీయండి. చేతిలో డబ్బు చాలకపోతే అడితిలో చీల్చిన పేళ్లే కొనండి, చింత దొరికితే పచ్చిగా ఉండగానే చీల్పించి ఆరబెట్టండి. ప్రస్తుతం మేం చేస్తున్నదదే. యంత్రం పెరట్లో పట్టా కింద ఉంది, ఫిర్యాదు సంగతి తేలగానే ఇక్కడే రాస్తాను.