ప్రింటింగ్, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ల కాంబో "లైఫ్‌టైమ్ లైసెన్స్" అమ్మే ఆయన దగ్గర దయచేసి కొనకండి

కోపం ఇంకా తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎవరి గురించో మీకు తెలుసు. పండగ పండక్కీ "ఈ ఒక్క రోజే ఆఫర్" అని ఎర్ర పోస్టరు పంపే హైదరాబాద్ ఆయన. జిరాక్స్ షాపులవాళ్లలో ఆ పోస్టరు అందుకోనివాళ్లు ఉండరు.

నాది కాకినాడలో కాలేజీ రోడ్డు మీద షాపు. ఇద్దరు కుర్రాళ్లని పెట్టాక సాయంత్రం గల్లాలో డబ్బుకీ పోయిన పేజీలకీ పొంతన కుదరడం లేదు, అందుకని ప్రింట్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ కావాల్సొచ్చింది. దానితోపాటు మెకానికల్ పిల్లలు ప్రాజెక్టుకి ఆన్సిస్ (యంత్ర భాగాలు బరువుని తట్టుకుంటాయో లేదో కంప్యూటర్‌లోనే లెక్కగట్టి చూపే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) అడుగుతుంటారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లు మోయలేవు, గంటకింత అని ఇచ్చి నా 32 జీబీ సిస్టమ్ మీద చేసుకుంటారు. రెండూ కలిపి 18,500 అన్నాడు. అసలు ధర లక్షల్లో ఉండే సరుకు పద్దెనిమిది వేలకి ఎలా వస్తుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు. ఆలోచించలేదు. ఆశపడ్డాను. ఫోన్‌పే కొట్టాను, అదీ ఎవరో వేరే మనిషి పేరు మీదున్న నంబరుకి.

ఎనీడెస్క్‌లో (దూరం నుంచే మన సిస్టమ్ నడిపే యాప్) వచ్చి, యాంటీవైరస్ తీసేయమని, నా స్క్రీన్ నల్లగా చేసి గంటసేపు ఏదో చేశాడు. నా సిస్టమ్‌లో ఏం చేస్తున్నాడో నాకే కనపడకుండా! నేను పక్కన కూర్చుని టీ తాగాను. అంత తెలివైనవాణ్ని.

రెండు వారాలకే అనుమానం రావాల్సింది. జిరాక్స్ మెషీన్ మీటర్ 11,240 పేజీలు చూపిస్తుంటే ఇతని సాఫ్ట్‌వేర్ 6,912 చూపించింది. అడిగితే "సింక్ అవ్వడానికి టైమ్ పడుతుంది బ్రదర్" అన్నాడు. సింకూ లేదు బొంకూ లేదు. కంప్యూటర్ నుంచి స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టి పంపే విండోస్ సర్వీసు) మీదుగా పోయే ప్రింటునే అది లెక్కేస్తుంది. గ్లాసు మీద కాగితం పెట్టి తీసే జిరాక్స్ స్పూలర్ మీదుగా పోదు, ఆ సంగతి దానికి తెలీదు, అలాంటివి లెక్కేయడానికి మెషీన్ లోపలే వేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. నా గిరాకీలో సగం గ్లాసు మీదదే. "జిరాక్స్ కూడా కౌంట్ అవుతుందా" అని కొనేముందు మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అవుతుందన్నాడు.

ఇక అసలు రోజు. పొద్దున్న ప్రాజెక్ట్ సబ్మిషన్. ముందురోజు సాయంత్రం షాపు నిండా పిల్లలు, ఒక్కొక్కరికీ నాలుగు కాపీలు, హార్డ్ బైండింగ్. ఆరున్నరకి ఒక్కసారిగా అన్ని ప్రింట్లూ క్యూలో ఆగిపోయాయి. తెర మీద "ట్రయల్ ముగిసింది" అని డబ్బా. సరిగ్గా వేసిన ముప్పై రోజులకి!

ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. తొమ్మిదోసారి ఎత్తాడు. అన్నా, లైఫ్‌టైమ్ అన్నారు కదా అంటే ఏమన్నాడో తెలుసా? "లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్‌టైమ్ అనుకున్నావ్ బ్రదర్, సాఫ్ట్‌వేర్ లైఫ్‌టైమ్. దాని లైఫ్ ముప్పై రోజులు." అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వడం వినపడింది. డబ్బు పడేవరకూ సార్, పడ్డాక బ్రదర్, ఇప్పుడు నువ్వు. నాకు మాట రాలేదు. ఎదురుగా ఓ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని "అంకుల్, రేపు పది గంటలకి వైవా" అంటోంది. "ఇంకో ఆరు వేలు వెయ్, ఐదు నిమిషాల్లో తెరుస్తా" అన్నాడు. కన్స్యూమర్ ఫోరంకి వెళ్తానంటే, "నీది వ్యాపారం, నీకు వర్తించదు, బిల్లు కూడా లేదు, వెళ్లు" అని పెట్టేశాడు. పొట్టకూటి కోసం సొంతంగా చేసుకునే పనికి కొన్నది ఆ చట్టం కిందకే వస్తుందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే గట్టిగా అనేవాణ్ని కదా!

ఆరు వేలు వేయలేదు, ఆ ఒక్క పని సరిగ్గా చేశాను. ఆ దరిద్రాన్ని తీసేసి, స్పూలర్ సర్వీసు ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఇరుక్కున్నవన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టేసరికి తొమ్మిదైంది. రాత్రి రెండున్నర వరకూ మా ఆవిడా నేనూ కూర్చుని బైండింగ్ చేశాం.

రెండో సరుకు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఒక కుర్రాడు కాంపోజిట్ లీఫ్ స్ప్రింగ్‌కి మెష్ (లెక్క కోసం భాగాన్ని చిన్న ముక్కలు చేసే వల) కాస్త సన్నగా వేసి సాల్వ్ కొడితే, లైసెన్స్ పరిమితి దాటిందని ఆగిపోయింది. చూస్తే అది ఆన్సిస్ వాళ్లు సొంత సైట్‌లో ఉచితంగా ఇచ్చే స్టూడెంట్ వెర్షన్! స్ట్రక్చరల్ లెక్కలకి 1,28,000 నోడ్లు (మెష్ ముక్కలు కలిసే బిందువులు) దాటదు, ఏడాదికోసారి కొత్తది దించుకోవాలి, డబ్బు తీసుకునే పనికి వాడనే కూడదు. తెర మీద స్టూడెంట్ అని రాసే ఉంటుందండీ. మన దగ్గరికి వచ్చేది స్టూడెంట్లే కదా, అందుకే అలా ఉంది అనుకున్నాను. నవ్వుకోండి, నాకూ నవ్వొస్తోంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, చూడాలి.

కొనేముందు ట్రయల్‌ని తయారీదారు సైట్ నుంచి మీరే దించుకుని చూడండి, లైసెన్స్ మీ మెయిల్ మీద, జీఎస్టీ బిల్లుతో వస్తేనే డబ్బివ్వండి. ప్రింట్ల లెక్క వరకైతే విండోస్‌లోనే ఉంది, ఈవెంట్ వ్యూయర్‌లో ప్రింట్‌సర్వీస్ ఆపరేషనల్ లాగ్ ఆన్ చేసుకుంటే 307 నంబరు ఈవెంట్‌లో ఏ యూజర్ ఎన్ని పేజీలు తీశాడో వస్తుంది. గ్లాసు మీద తీసేవాటికి మాత్రం మీటర్ చూసి పుస్తకంలో రాసుకోవాల్సిందే. పిల్లలకి ఆ స్టూడెంట్ వెర్షన్ వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే వేసుకోమని చెప్పండి, చిన్న మెష్‌లకి సరిపోతుంది.

ఇతని దగ్గర ఇంకెవరైనా కొని ఉంటే పేమెంట్ స్క్రీన్‌షాట్లు, ఎనీడెస్క్ టైములు చెరపకుండా ఉంచి నాకు మెసేజ్ పెట్టండి. నలుగురం కలిసి పెడితే ఫిర్యాదు కదులుతుందేమో.